వైద్యవిద్యార్థులకు స్థానిక చరిత్ర పరిశోధనలో శిక్షణ: తెలుగు ప్రాంతాల ఆధారాలు, పద్ధతులు

వ్యాససంగ్రహం

వైద్యవిద్యార్థులు రోగి చరిత్రను రాసుకోవడం తొలి సంవత్సరాలలోనే నేర్చుకుంటారు. రోగి ఏ ఊరినుంచి వచ్చాడో ఆ ఊరి చరిత్రను ఎలా అడగాలో, ఎక్కడ వెదకాలో మాత్రం వారి పాఠ్యప్రణాళికలో కనిపించదు. తెలుగు ప్రాంతాలలో కొన్ని వ్యాధుల స్వభావం ఆయా ఊళ్ల నీటి చరిత్ర, పంటల చరిత్ర, పాలనా చరిత్ర తెలిస్తేనే పూర్తిగా అర్థమవుతుంది. అటువంటి పరిశోధనలో విద్యార్థులకు అందుబాటులో ఉన్న ఆధారాలను, వాటిని చదవడంలోని చిక్కులను, శిక్షణ ఇవ్వదగిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్థానిక చరిత్ర, వైద్యవిద్య, ఫ్లోరోసిస్, మరణాల రిజిస్టరు, మౌఖిక చరిత్ర, ఫసలీ, వైద్యచరిత్ర.

1. ప్రవేశిక

చరిత్ర అనే మాట ఆసుపత్రి వార్డులో రోజూ వినిపిస్తుంది. రోగి చెప్పే బాధ ఏమిటి, ఎన్నాళ్లనుంచి ఉన్నది, ఇంతకుముందు వచ్చిన జబ్బులేమిటి, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా, చేసే పని ఏమిటి, తినే తిండి ఏమిటి అనే వరుసలో ప్రశ్నలు వేసి రాసుకోవడం వైద్యవిద్యార్థి నేర్చుకునే మొదటి విద్యలలో ఒకటి. ఈ ప్రశ్నలలో సగం నిజానికి ఊరిని గురించినవే. తాగే నీరు రోగి ఒక్కడిది కాదు. చేసే పని అతని తండ్రి కాలంనుంచి వచ్చినది కావచ్చు. అయినా కేస్‌షీటు రోగి పుట్టుకతో మొదలై అతని మంచం దగ్గరే ఆగిపోతుంది.

2019లో ప్రవేశపెట్టిన సామర్థ్యాధారిత ఎం.బి.బి.ఎస్. ప్రణాళిక విద్యార్థిని తొలి సంవత్సరంనుంచే సమాజంలోకి పంపాలని భావించింది. 2021–22 నుంచి సామాజిక వైద్యశాస్త్ర విభాగాల కింద కుటుంబ దత్తత కార్యక్రమం అమలవుతున్నది. విద్యార్థులు ఒక గ్రామంలోని కొన్ని కుటుంబాలను ఎంచుకొని చదువు సాగినంతకాలం వారి ఆరోగ్యాన్ని గమనించాలి. ఉద్దేశం మంచిది. కాని ఇటువంటి పర్యటనలలో నింపే సర్వే పత్రం ప్రధానంగా వర్తమానాన్నే అడుగుతుంది. మరుగుదొడ్డి ఉందా, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు, రక్తపోటు ఎంత అని అడుగుతుంది. ఆ నీళ్లు ఎప్పటినుంచి వస్తున్నాయి, అంతకుముందు ఏ బావి, ఆ బావిని ఎందుకు విడిచిపెట్టారు అని అడగదు. ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియకపోతే రోగనిర్ణయమే తప్పిపోయే ప్రాంతాలు తెలుగునాట ఉన్నాయి.

2. ఒక వ్యాధి చిరునామా: దర్శి, పొదిలి, కనిగిరి

మన దేశంలో ఎముకలకు సోకే ఫ్లోరోసిస్‌ను మనుషులలో గుర్తించి వైద్యసాహిత్యంలో నమోదు చేసినది 1937లో. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని వ్యాధిని గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో ప్రతివారూ పేర్కొనే తొలి ఆధారం. వెన్నెముక బిగుసుకుపోయి, మెడ తిరగక, కీళ్లు కదలక మంచాన పడిన వారి బాధకు బావినీటిలోని ఫ్లోరైడే కారణమని ఈ పరిశోధన వలన తేలింది.

ఈ వ్యాసం చదివిన విద్యార్థి నేటి నెల్లూరు జిల్లా పటం ముందు పెట్టుకొని ఆ ఊళ్లకోసం వెదికితే దారి తప్పుతాడు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు తాలూకాలను 1970 ఫిబ్రవరిలో కొత్తగా ఏర్పరచిన ఒంగోలు జిల్లాలో కలిపారు. దానికే తరువాత ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాకు చేరింది. వ్యాధి ఉన్నచోటనే ఉన్నది, జిల్లా పేరు మారింది. పాత వ్యాసంలోని జిల్లా పేరును నేటి జిల్లాతో సమానంగా పెట్టి రెండు కాలాల లెక్కలను పోల్చితే నెల్లూరులో ఫ్లోరోసిస్ తగ్గిపోయిందనీ, ప్రకాశంలో కొత్తగా పుట్టిందనీ అర్థం లేని నిర్ధారణకు రావలసి వస్తుంది. అందుచేత స్థానిక చరిత్ర శిక్షణలో మొదటి అభ్యాసం పటాలతోనే మొదలుకావాలి. ఒక ఊరు 1901లో, 1951లో, 1971లో, 2011లో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో లెక్కకు వచ్చిందో జనాభా లెక్కల గ్రంథాలనుంచి రాసి తీసుకురమ్మనడం ఒక వారం పని. చూడడానికి గుమాస్తా పనిలా ఉంటుంది కాని, దీనిని చేయని పరిశోధన నిలబడదు.

ఫ్లోరోసిస్ చరిత్రలో ఇంకొక మాట పదేపదే వినిపిస్తుంది. మనుషులకంటె ముందు దుక్కిటెద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం నెల్లూరు రైతులు గమనించారన్నది ఆ మాట. పాఠ్యగ్రంథాలలో, సమీక్షావ్యాసాలలో ఇది ఒకదాన్నుంచి మరొకదానికి ప్రయాణం చేస్తూ వచ్చింది. నిజమే కావచ్చు. కాని దానిని మొదట ఎవరు రాశారు, ఏ ఊరి రైతు చెప్పగా రాశారు, ఏ సంవత్సరంలో అని వెనక్కు నడవడం విద్యార్థికి ఎంతో మేలుచేసే అభ్యాసం. ఒక వాక్యాన్ని దాని పుట్టిల్లు వరకు వెంబడించడం చరిత్రకారుడి పని. తరగతిలో విన్న మోతాదును మూలవ్యాసంలో సరిచూసుకోవడం వైద్యుడి పని. ఈ రెండింటికీ కావలసిన ఓపిక ఒక్కటే.

నల్లగొండ విషయం ఇంతకంటె లోతైనది. అక్కడి ఫ్లోరోసిస్‌ను గురించి ఎ.హెచ్. సిద్ధిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అదే ఏడాది డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రూపాన్ని వర్ణించారు. ఫ్లోరైడు ప్రాంతాలలోని పిల్లలకు, యువకులకు మోకాళ్లు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం అందులో ప్రధాన లక్షణాలు. పెద్ద వయసులో వెన్ను బిగుసుకోవడంగా తెలిసిన వ్యాధి చిన్నవయసులో కాళ్లు వంకరపోవడంగా ఎందుకు కనిపించింది? తరువాత సాగిన చర్చలో జలాశయం వలన భూగర్భజలమట్టం పెరగడం, జొన్న ప్రధానాహారం కావడం, నేలలోని ఇతర లోహాంశాలు పంటలోకి చేరడం వంటి కారణాలు ప్రస్తావనకు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ రక్తపరీక్షతో తేలేది కాదు. ఆనకట్ట ఎప్పుడు వచ్చింది, కాలువ ఏ ఊరిదాకా పారింది, జొన్నన్నం మాని వరన్నం ఎప్పుడు మొదలుపెట్టారు అనే ప్రశ్నలకు జవాబులు ప్రాజెక్టు కాగితాలలో, ఊరి పెద్దల జ్ఞాపకంలో ఉంటాయి.

ఇటువంటి గ్రామానికి వెళ్లే విద్యార్థికి ఇవ్వవలసిన పని ఊరి బావుల జాబితా తయారుచేయడం. మోటబావి, చేదబావి, పంచాయతీ బోరు, సొంత బోరు, కుళాయి అని ఒక్కొక్కటి ఎప్పుడు వచ్చింది, ఎంత లోతు, ఎవరు తాగారు, ఎప్పుడు మానేశారు అని రాయాలి. ఎవరు తాగారు అనే ప్రశ్న దగ్గర చాలామంది విద్యార్థులు తడబడతారు. ఊరిబావి వేరు, వాడబావి వేరు. ఒక వాడ ప్రజలు తరాలపాటు ఒకే బావినీటికి కట్టుబడి ఉండవలసి వచ్చినప్పుడు ఆ బావిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎంత దాటిందన్నది ఒక్క రసాయనశాస్త్ర విషయంగా మిగలదు. కులాన్ని అడగకుండా నీటి చరిత్ర రాయడం సాధ్యం కాదు. దానిని అవమానం కలగకుండా అడగడం నేర్పవలసిన బాధ్యత అధ్యాపకులది.

3. ‘జ్వరం’ అనే గడి

ఊరి ఆరోగ్యచరిత్రకు అత్యంత విలువైన ఆధారం మరణాల రిజిస్టరు. మద్రాసు రాజధానిలో 1899నాటి జనన మరణాల నమోదు చట్టం, అంతకుముందునుంచి ఉన్న పాలనాపద్ధతి ప్రకారం గ్రామోద్యోగులు చావుపుట్టుకలను నమోదు చేసేవారు. మరణకారణానికి కొన్ని నిర్ణీతమైన గడులుండేవి. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ఇతరములు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. కారణాన్ని నిర్ణయించినది వైద్యుడు కాడు. చనిపోయినవారి బంధువు చెప్పిన మాటను గ్రామోద్యోగి తన ఎదుట ఉన్న గడులలో ఒకదానిలో వేశాడు.

కాబట్టి జ్వరాలు అనే గడి అనేక వ్యాధులను మింగేసింది. మలేరియా, టైఫాయిడ్, క్షయ, బాలింతజ్వరం అన్నీ అందులో కలిసిపోయాయి. ఈ కారణంగా ఆ రిజిస్టర్లు పనికిరానివని తోసిపుచ్చడం తొందరపాటు. 1918 అక్టోబరు, నవంబరు నెలలలో ప్రపంచాన్ని కుదిపిన ఇన్‌ఫ్లుయెంజా రెండవ విజృంభణ తెలుగు జిల్లాలనూ తాకింది. ఆ మరణాలకు రిజిస్టరులో ప్రత్యేకమైన గడి లేదు. అయితే ఒక గ్రామపు రిజిస్టరులో 1915, 1916, 1917 సంవత్సరాల అక్టోబరు, నవంబరు నెలల జ్వర మరణాలను లెక్కించి సగటు తీసి, 1918లోని అవే నెలలతో పోల్చితే పెరిగిన సంఖ్య ఆ మహమ్మారి ఆ ఊరిలో వేసిన వేటును చాలావరకు చూపుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ మరణాలను గురించి జరిగిన వాదవివాదాలలో అదనపు మరణాలు అనే మాటను పత్రికలన్నీ వాడాయి. పద్ధతి అదే. గణాంకశాస్త్ర తరగతిలో సూత్రంగా విన్నదానిని ఒక ఊరి పేర్ల మధ్య, వయసుల మధ్య చేత్తో లెక్కపెట్టిన విద్యార్థికి అది మరపునకు రాదు.

రిజిస్టరు దొరకడమే అసలు చిక్కు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ ఉద్యోగాలను రద్దు చేశారు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఊరి దస్త్రాలు చేతులు మారిన ఆ రెండేళ్లలో ఏ కట్ట ఎక్కడికి చేరిందన్నది ఊరూరా వేరువేరు కథ. కొన్ని మండల కార్యాలయాల అటకలమీద ఉంటాయి, కొన్ని మాజీ గ్రామోద్యోగుల ఇళ్లలో ఉంటాయి, కొన్ని చెదల పాలవుతాయి. పాత ఆసుపత్రి కేస్‌షీట్లకు ఆ ఆశ్రయం కూడా ఉండదు. నిల్వ గడువు తీరిన కాగితాలుగా అవి చిత్తుకు పోతాయి. వైద్యకళాశాల తన పరిసరాలలోని రిజిస్టర్లను కనీసం ఫొటోలు తీసి భద్రపరచగలిగితే అది ఏ పరిశోధనావ్యాసంకంటె ఎక్కువకాలం పనికివస్తుంది. ఈ పనికి ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు, అనుమతిపత్రం, సెల్‌ఫోను, వెలుతురున్న గది చాలు.

గ్రామస్థాయి దస్త్రాలు దొరకని చోట జిల్లా గ్రంథాలున్నాయి. నెల్లూరు జిల్లాకు 1873నాటి బాస్వెల్ మాన్యువల్, కృష్ణా జిల్లాకు 1883నాటి మెకంజీ మాన్యువల్, విశాఖపట్నానికి 1907నాటి ఫ్రాన్సిస్ గెజెటీరు ఇటువంటివి. వీటిలో ప్రజారోగ్యానికి సంబంధించిన సమాచారం దొరుకుతుంది. ఇవి పాలకుల కళ్లతో రాసినవనీ, పన్ను వసూలుకు, సైన్యపు ఆరోగ్యానికి అవసరమైనంత మేరకే ప్రజల వ్యాధులు వాటిలో చోటుచేసుకున్నాయనీ మరువరాదు.

4. కాలాన్ని చదవడం

పాత ఆధారాలలో సంవత్సరం ఎప్పుడూ నేటి రూపంలో కనిపించదు. హైదరాబాదు రాజ్యపు దస్త్రాలలో ఫసలీ సంవత్సరాలుంటాయి. ఫసలీకి 590 కలిపితే దాదాపు క్రీస్తుశకం వస్తుంది. 1308 ఫసలీ అంటే 1898–99. మద్రాసు రాజధానిలోనూ రెవెన్యూ లెక్కలు ఫసలీలోనే ఉండేవి, అక్కడ ఏడాది జూలై 1న మొదలవుతుంది. హైదరాబాదులో ఆరంభమాసం వేరు. ఒక అంటువ్యాధి వానాకాలంలో వచ్చిందా చలికాలంలో వచ్చిందా అన్నది ముఖ్యమైనప్పుడు ఈ తేడాయే ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

అరవై సంవత్సరాల చక్రం మరొక చిక్కు. గుంటూరు ప్రాంతాన్ని పీల్చి పిప్పిచేసిన డొక్కల కరువు నందన నామ సంవత్సరంలో వచ్చినందువలన దానికి నందన కరువనీ పేరున్నది. అది 1832–33. నందన మళ్లీ 1892–93లోనూ, 1952–53లోనూ, 2012–13లోనూ వచ్చింది. తాత చెప్పిన నందన ఏదో తేల్చడానికి ఇతర ఆధారం కావాలి.

ఇక బతికి ఉన్నవారి జ్ఞాపకాలకు గుర్తులు సంఘటనలే. తెలంగాణలో రజాకార్ల కాలం, 1948 సెప్టెంబరు పోలీసు చర్య. కృష్ణా తీరంలో 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెన. ఏ సంవత్సరంలో బోరు వేశారు అని అడిగితే వృద్ధురాలు ఇబ్బంది పడుతుంది, లేదా విద్యార్థిని సంతోషపెట్టడానికి ఏదో ఒక అంకె చెబుతుంది. “అవ్వా, మీ పెళ్లినాటికి ఈ బోరు ఉందా? పెద్దకొడుకు పుట్టేనాటికి?” అని అడిగితే జవాబు వెంటనే వస్తుంది. పెద్దకొడుకు వయసు ఓటరు జాబితాలో దొరుకుతుంది.

5. మాటలు, మర్యాద, అనుమతి

వ్యాధుల పేర్లు ఊరికొక తీరుగా ఉంటాయి. మశూచిని అమ్మవారు పోయడమనేవారు, అయితే ఆటలమ్మకూ తట్టుకూ కూడా అదే అమ్మవారు వర్తిస్తుంది. కలరాను తెలంగాణలో గత్తర అంటారు. కుష్ఠును పెద్దరోగమన్నారు. నారికురుపు అన్న మాట తెలిసినవారు ఇంకా చాలామంది ఉన్నారు. నీటిలోని చిన్న జీవుల ద్వారా సోకే ఆ పురుగు మన దేశంలో చివరిగా 1996లో కనిపించింది, 2000లో దేశం దానినుంచి విముక్తమైనట్లు ధ్రువీకరణ వచ్చింది. దిగుడుబావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకున్న తరం ఇంకా సజీవంగా ఉన్నది. పాదంనుంచి పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగినవారి అనుభవం పాఠ్యపుస్తకంలోని ఒక్క పేరాగా మిగిలిపోకముందే రాసుకోవలసి ఉన్నది.

ప్రాంతీయ పదాన్ని వెంటనే వైద్యపదంగా మార్చివేయడం విద్యార్థులు సాధారణంగా చేసే తప్పు. నీరుపట్టి చనిపోయాడు అన్నదానిని మూత్రపిండాల వైఫల్యమని రాసుకుంటే అది గుండెజబ్బు కావచ్చు, కాలేయవ్యాధి కావచ్చు. ముందు విన్నది విన్నట్లు తెలుగులోనే రాయాలి, వైద్యపరమైన ఊహను విడిగా పక్కన పెట్టాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో స్పష్టంగా కనిపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు పరిసరాలలో కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి ప్రబలి ఉన్నది. ఇది కొత్తగా పుట్టిన వ్యాధియా, లేక ఎప్పటినుంచో ఉండి క్రియాటినిన్ పరీక్ష అందుబాటులోకి వచ్చాక బయటపడినదా? వ్యాధి చరిత్రకూ వ్యాధినిర్ణయపు చరిత్రకూ తేడా చూపే ప్రశ్న ఇది. పాత మరణాలను ఇంటివారు ఏ మాటలతో వర్ణించారో, దగ్గరలోని ఆసుపత్రికి ఆ పరీక్ష ఏ ఏడాది వచ్చిందో, కొబ్బరి, జీడి తోటలలో పురుగుమందు ఎప్పుడు మొదలైందో పక్కపక్కన పెట్టి చూడగలిగే పని స్థానిక చరిత్ర పరిశోధకుడిదే.

ఈ పనిలో మనుషులకు నష్టం జరిగే అవకాశం కూడా ఉన్నది. ఫలానా ఊరి నీళ్లు మంచివి కావని, ఫలానా ఇంట్లో ఆ జబ్బు ఉందని అచ్చయితే పెళ్లిసంబంధాలు తప్పిపోతాయన్న భయం ఫ్లోరోసిస్, మూత్రపిండవ్యాధి ప్రాంతాలలో నిజమైన భయం. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు మానవులు పాల్గొనే జీవవైద్య, ఆరోగ్య పరిశోధనలకు నైతికసంఘం అనుమతిని, తెలిసి ఇచ్చిన సమ్మతిని కోరుతాయి. చరిత్ర కదా అని వీటిని దాటవేయరాదు. చనిపోయినవారి పేర్లున్న రిజిస్టరులోనూ బతికున్నవారి ఇంటిపేరు ఉంటుంది.

6. స్థానిక గర్వం, చారిత్రక సత్యం

హైదరాబాదులో చదివే విద్యార్థికి ఆధారాలకు కొదువ లేదు. అక్కడ ఎదురయ్యే చిక్కు మరొక రకమైనది. 1846లో ఆరంభమైన హైదరాబాదు వైద్యపాఠశాల తొలిదశలో ఉర్దూలో బోధించింది. దాని ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లో, 1889లో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండవదానికి లాన్సెట్ పత్రిక లండన్‌నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. అక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని తొలితరం మత్తువైద్యురాలిగా నేడు గౌరవంతో స్మరించుకుంటున్నారు. ఇంతవరకు ఏ స్మారకోపన్యాసంలోనైనా వినిపిస్తుంది. క్లోరోఫాం వలన ప్రమాదం శ్వాస ఆగడంవలననే వస్తుందనీ, గుండెమీద నేరుగా దెబ్బపడదనీ ఆ కమిషన్ చెప్పిన నిర్ధారణ నిలబడలేదన్న సంగతి మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఎ.జి. లెవీ 1911 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని నిరూపించాయి. ఒక నగరం ప్రపంచ వైద్యచరిత్రలో స్థానం సంపాదించినదీ, తప్పుడు నిర్ధారణకు వచ్చినదీ ఒకే ప్రయోగశాలలో. ఈ రెండు వాక్యాలనూ ఒకే పేరాలో రాయగలగడం విద్యార్థి నేర్చుకోవలసిన విద్య.

రొనాల్డ్ రాస్ విషయంలోనూ ఇంతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవి రూపాన్ని చూశాడు. ఆ చోట మలేరియా రహస్యమంతా తేలిపోయిందన్నట్లు చెప్పడం సరికాదు. పక్షుల మలేరియాలో పూర్తి చక్రాన్ని రాస్ 1898లో కలకత్తాలో చూపాడు, మనుషుల మలేరియాలో దానిని ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ ఆగస్టు దోమలు తాగిన రక్తం హుసేన్ ఖాన్ అనే రోగిది. కుట్టిన ఒక్కొక్క దోమకు అతనికి ఒక అణా ముట్టింది. రాస్ తానే రాసిపెట్టినందువలన ఆ పేరు మిగిలింది. అతని అనుమతి అనే ప్రశ్నను నైతికశాస్త్ర తరగతిలో చర్చకు పెట్టడానికి విదేశీ ఉదాహరణ వెదకనక్కరలేదు.

1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన ఉస్మానియా పాతభవనాన్ని 2020 జూలైలో వాననీరు వార్డులలో చేరిన తరువాత ఖాళీ చేశారు. భవనాన్ని ఉంచాలా కూల్చాలా అన్న చర్చలో గుమ్మటాలకు దక్కిన శ్రద్ధ లోపలి రిజిస్టర్లకు దక్కలేదు. ఇది విచారించదగిన విషయం. ఈ నగరపు ఆధారాలను చదవదలచినవారికి ఉర్దూ లిపి రావాలి, లేదా వచ్చినవారి తోడు కావాలి. తార్నాకలోని రాజ్యాభిలేఖాగారంలో ఒక్క ఉదయం గడిపితే ఆ సంగతి బోధపడుతుంది.

7. శిక్షణ తీరు

తెలుగునాట వైద్యచరిత్ర బోధన కొత్త సంగతి కాదు. విశాఖపట్నం ఆంధ్ర వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించిన డి.వి. సుబ్బారెడ్డి ఈ రంగానికి జీవితాన్ని అంకితం చేశారు. 1950ల రెండవభాగంలో ప్రభుత్వ ఆదరణతో ఏర్పడిన వైద్యచరిత్ర విభాగం ఆయన నేతృత్వంలో హైదరాబాదులో పెరిగి, అనేక మార్పుల తరువాత నేటి జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా నిలిచింది. గ్రంథాలు, తాళపత్రాలు, శాసనాలలోని వైద్యసమాచారాన్ని సేకరించడంలో ఆ సంప్రదాయం గొప్ప కృషి చేసింది. ఊరి చరిత్రను వైద్యవిద్యార్థి చేతికి ఇవ్వడం దానికి సహజమైన తరువాతి మెట్టు.

చాలా కళాశాలలలో దీనికి ఉన్న అడ్డంకి సమయం. పరీక్షల ఒత్తిడిలో ఉన్నవారికి మరొక సబ్జెక్టు చేర్చడం న్యాయం కాదు. కుటుంబ దత్తత కోసం ఎలాగూ వెళ్లే గ్రామంలోనే, ఎలాగూ చేసే పర్యటనలలోనే ఈ పని ఇమిడిపోవాలి. మరింత ఆసక్తి ఉన్నవారికి ఎలెక్టివ్ కాలం ఉన్నది. ప్రశ్న ఒక్కటే ఉండాలి. మా ఊరి ఆరోగ్యచరిత్ర అన్న శీర్షికతో మొదలుపెట్టిన విద్యార్థి పెద్దమ్మవారి గుడి స్థలపురాణంతో ముగిస్తాడు. ఈ ఊరు తాగునీటి బావిని ఎప్పుడు, ఎందుకు మార్చింది. ఈ ఊరికి మొదటి మంత్రసాని కాని ప్రసవం ఎప్పుడు జరిగింది. పాముకాటుకు ఆసుపత్రికి పోవడం ఏ తరంలో మొదలైంది వంటివి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒక సంవత్సరంలో తేల్చగలిగిన ప్రశ్నలు. ప్రతి నిర్ధారణకూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు చూపాలన్న నియమం పెడితే చాలు. ఒకటి నోటిమాటైతే రెండవది కాగితం కావాలి, కాగితం లేకపోతే బావిమీది శిలాఫలకమైనా కావాలి.

వైద్యకళాశాలలో చరిత్ర అధ్యాపకులు ఉండరు. అయితే దాదాపు ప్రతి జిల్లాకేంద్రంలో డిగ్రీ కళాశాల, అందులో చరిత్ర, తెలుగు శాఖలు ఉంటాయి. కైఫీయత్తులు చదివినవారు, గొలుసుకట్టు రాతను విప్పగలవారు అక్కడ దొరుకుతారు. 19వ శతాబ్దపు ఆరంభంలో కావలి సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఆ గ్రామచరిత్రలలో చెరువులు, బావులు, కరువులు, ఊళ్లు పాడుపడడం మొదలైన సంగతులు విరివిగా కనిపిస్తాయి. సాహిత్య విద్యార్థి ఆ భాషను విప్పిచెబితే వైద్యవిద్యార్థి ఆ కరువు తరువాత వచ్చిన జ్వరాన్ని గుర్తుపట్టగలడు. ఇద్దరినీ ఒకే గ్రామానికి ఒకే వాహనంలో పంపడం ఇద్దరు ప్రిన్సిపాళ్లు మాట్లాడుకుంటే అయ్యే పని.

మూల్యాంకనంలో పుటల సంఖ్యకు విలువ ఉండకూడదు. తప్పని తేలిన ఊహను విద్యార్థి దాచకుండా రాశాడా, విన్న మాటనూ తన వ్యాఖ్యనూ వేరుచేశాడా అన్నవి చూడాలి. నివేదికను తెలుగులో రాయించడం అవసరం, ఎందుకంటే సమాచారం ఇచ్చినవారు దానిని చదివి సరిదిద్దగలగాలి. పూర్తయిన ప్రతిని మూడుచోట్ల ఉంచాలి. కళాశాల గ్రంథాలయంలో ఒకటి, పేర్లు తొలగించిన ప్రతి గ్రామపంచాయతీలో ఒకటి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఒకటి. బదిలీపై కొత్తగా వచ్చిన వైద్యాధికారి మొదటి వారంలో చదవవలసిన కాగితాలలో అది చేరాలి. ఆ ఊరి ఏ బోరునీళ్లను ఎవరు, ఏ ఏడాదినుంచి తాగుతున్నారో అందులో రాసి ఉంటుంది.